జారుముడి

మా పశువుల ఆసుపత్రి గోడమీద
బుడమేరు గీసిపోయిన గీత ఇంకా ఉంది.
రెండుసార్లు సున్నం కొట్టించాం.
వానాకాలం రాగానే పైకి తేలుతుంది,
సరిగ్గా గేదె వెన్నంత ఎత్తులో.

ఆ రోజు నా సామాను:
ఐస్ డబ్బాలో టీకా మందు, కట్టుగుడ్డల చుట్టలు,
మూతికట్టు ఒకటి, ఎవరో ఇచ్చిన బిస్కెట్ పొట్లాలు.
పడవ ఏసుబాబుది.
కృష్ణలో వల వేసేవాడికి
సింగ్‌నగర్ సందుల్లో తెడ్డు వేయడం కొత్త.
"ఇది కరెంటు తీగా, బట్టల తీగా మేడం?"
అడుగుతూనే తల వంచి పోనిచ్చాడు.

డాబాల మీంచి పాలు అడిగినవాళ్ళు
గట్టిగా అరిచారు.
నన్ను పిలిచినవాళ్ళు మాత్రం మెల్లగా పిలిచారు,
మనుషులకే దిక్కులేనప్పుడు
పిల్లి గురించి అడగడం తప్పేమో అన్నట్టు.

నజీమున్నీసా నీళ్ళట్యాంకు పక్కన
పిల్లిని ప్రెషర్ కుక్కర్లో కూర్చోబెట్టుకుంది.
"మూత పెట్టలేదమ్మా,"
నేను అడగకముందే చెప్పింది.
ముందొచ్చిన పడవ మనుషులకేనంటే ఎక్కలేదట.
రెండు రాత్రులు. సగం చపాతీ ఆమెకి, సగం దానికి.
పిల్లి బాగానే ఉంది. ఆమెకే జ్వరం.
నా సంచిలోంచి పారాసిటమాల్ తీసిచ్చి
"దీనికి మాత్రం పెట్టకు, చచ్చిపోతుంది" అని
మూడుసార్లు చెప్పాను.
కుక్కరుతో సహా పడవెక్కించాం.

పాయకాపురం దాటాక ఒక గేదెల కొట్టం.
పలుపు తెంపుకున్నవి ఈదుకుంటూ
రైలుకట్ట ఎక్కాయి.
తెంపుకోలేనివి

ఏసుబాబు నీళ్ళలో చెయ్యి పెట్టి
గుంజకున్న ముడిని తడిమి చూశాడు.
"పీటముడి. తడిస్తే బిగుస్తుంది.
దేవుడొచ్చినా ఊడదు."
కాసేపటికి, ఎవరూ అడక్కుండానే,
తెడ్డుకి తాడు చుట్టి చూపించాడు:
అటు కొస ఏనుగు లాగినా నిలుస్తుంది,
ఇటు కొస చిటికెనవేలికే లొంగుతుంది.
ఐదేళ్ళు చదివాను నేను.
చూడి కట్టించడం, రక్తం కట్టించడం,
విరిగిన కాలికి కట్టు కట్టడం,
కట్టడాలన్నీ వచ్చు.
విప్పడం ఆ మధ్యాహ్నం నేర్చుకున్నాను.

ప్రభుదాసు ఏసీలు బాగుచేస్తాడు.
ఆ తెల్లవారుజామున వాళ్ళమ్మను వీపున మోసుకుని
ఫ్లైఓవర్ మీద దించి రావడానికి వెళ్తూ
కుక్కను వరండా గ్రిల్లుకి గొలుసేసి తాళం పెట్టాడు.
బెదిరి ఎటైనా పోతుందేమోనని.
పది నిమిషాల్లో వద్దామనుకున్నాడు.
తిరిగొచ్చేసరికి మూడోరోజు.
దాని పేరు ఇప్పటికీ నాకు చెప్పలేదు.

ఇప్పుడు ప్రతి ఆదివారం ఆసుపత్రికి వస్తాడు,
ఉత్త చేతులతో.
ఎవరి కుక్క గింజుకుంటున్నా వెళ్ళి పట్టుకుంటాడు,
మెడ కింద ఒక చెయ్యి, పొట్ట కింద ఒక చెయ్యి,
సూది దిగేదాకా చెవిలో ఏదో చెబుతూ.
ఒకసారి నాకు వినబడింది:
"ఇక్కడే ఉన్నాలే. ఇక్కడే ఉన్నా."

నేను నాడికన్నా ముందు మెడ చూస్తాను.
పట్టీ మీద ఫోన్ నంబరు రాయించండి,
టీకా కార్డు ప్లాస్టిక్ సంచిలో దాచండి,
పిల్లికో బుట్ట, మూడు రోజుల తిండి
గూట్లో పైన పెట్టుకోండి అంటాను.
సరే సరే అంటారు, చూపు ఫోనులో.
ఎవరైనా గొలుసుతో వస్తే
మాట్లాడకుండా మూర తాడు చేతిలో పెడతాను.
గొలుసుకి ముడి వేయలేం కదా.

నేను వేస్తే ముడి ఇప్పటికీ కుదరదు.
మొన్న బల్లకాలికి చుట్టి తికమక పడుతుంటే
ప్రభుదాసు తాడు నా చేతిలోంచి తీసుకున్నాడు.
వేశాడు.
"లాగి చూడు," అన్నాడు
కుక్కపిల్లతో వచ్చిన పిల్లాడితో.
వాడు రెండు వేళ్ళతో లాగాడు.
ఊడిపోయింది.
వాడికి నవ్వొచ్చింది.
"మళ్ళీ," అన్నాడు.

ప్రభుదాసు మళ్ళీ కట్టాడు.